గొర్రెలు: శూన్యం

సిద్ధలక్ష్మి చున్నీ నడుముకు బిగించి దొడ్డి ఊడుస్తోంది. రాత్రి గొర్రెలు వేసిన పెంటికలను ఈత చీపురుతో కుప్ప చేసి, చేటతో గంపకెత్తుతోంది. మూడో గంప నిండింది. గొర్రెలు గోడవారగా నిలబడి, తమ సొత్తు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు చూస్తున్నాయి.

ఎనిమిదింటికి ఆఫీసు ట్రాక్టరు వస్తుంది. గంపలు ఎక్కించుకుని ఊరి మేతనేల అయిన నక్కబండ బీటికి పోతుంది. అక్కడ ఇద్దరు మనుషులు ఆ పెంటికలను గొర్రెలు వేసినట్టే, నడుస్తూ నడుస్తూ, అక్కడ నాలుగు ఇక్కడ నాలుగు రాలుస్తారు. గొర్రెలు మాత్రం బీటికి పోకూడదు. ఎందుకంటే ఆఫీసు రికార్డు ప్రకారం కంబళ్లదిన్నెలో గొర్రెలు లేవు. ఒక్కటి కూడా లేదు.

ఆ రికార్డు రాసింది సిద్ధలక్ష్మే. రాత కుదురుగా ఉందని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ఎనిమిది నెలల కిందట ఊళ్లో మూతపడిన పాలకేంద్రానికి సున్నం కొట్టి, ఒక బోర్డు పెట్టారు. శుష్క పచ్చిక మైదానాల జీవవైవిధ్య పరిరక్షణ భూనిర్వహణ భాగస్వామ్య మండలి. బోర్డు రాసే మనిషికి రెండు రోజులు పట్టింది. చివరి మాటకు చోటు చాలక దాన్ని గోడ మీద రాశాడు. ఊరివాళ్లు బాగసామ్యం ఆఫీసు అన్నారు. దాని ప్రాజెక్టు అధికారి సదాశివమూర్తి. తను మాట్లాడే ప్రతి మాటనూ ఎవరో ఒకరు రాసుకుంటూ ఉంటారన్న నమ్మకంతో ఆయన నిదానంగా, విరామచిహ్నాలతో సహా మాట్లాడతాడు.

బీట్లో ఉన్న జీవరాశిని నమోదు చేయడానికి ఊళ్లో చదువుకున్న మనిషి కావాలన్నారు. సిద్ధలక్ష్మి ఊరి బడిలో చదివి, దూరవిద్యలో డిగ్రీ చేసింది. మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ. సెలవు రోజుల్లో నాయన బీరలింగప్ప వెంట మంద వెనక తిరిగి పెరిగిన పిల్ల. ఏ గట్టున బోదగడ్డి ముందు చిగురిస్తుందో, కౌజుపిట్ట ఏ పొద కింద గుడ్లు పెడుతుందో ఆమెకు తెలుసు. ఉద్యోగం ఇచ్చారు. నాలుగు నెలలు తిరిగి నాలుగు వందల పన్నెండు రకాలు రాసింది. పేడపురుగులే మూడు రకాలు రాసింది. తోడేలు దగ్గర, "ఒకటి. రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది నన్ను ముందే చూసింది" అని రాసింది.

ఒక్క గడి మాత్రం ఆమెను ఓడించింది. గొర్రెల సంఖ్య, యజమాని స్వయంగా చెప్పినది.

కంబళ్లదిన్నెలో కురుబ ఇళ్లు ముప్ఫై ఒకటి. ఏ ఇంట్లోనూ మందను నోటితో లెక్కపెట్టరు. పెడితే మందకు కీడు. మరి ఎట్లా తెలుస్తుంది అంటే, తెలుస్తుంది. సాయంత్రం బీరలింగప్ప దొడ్డి గడె పక్కకు తీసి నిలబడతాడు. ఒక్కొక్కటే తల వంచుకుని లోపలికి పోతుంది. అన్నీ పోయాక ఆయన కాసేపు ఆలోచించి, "మచ్చ మూతిది రాలేదు" అని మళ్లీ గుట్ట ఎక్కుతాడు. సంఖ్యతో ఆయనకు ఎప్పుడూ పని పడలేదు.

"నాయనా, మన గొర్రెలు ఎన్ని?" అని ఆమె ఫారం పట్టుకుని అడిగింది.

"ఉండాయి."

"ఉండాయని నాకూ తెలుసు. ఎన్నని?"

"నీకేమన్నా మతి పోయిందా పాపా? పొద్దున్నే ఎవరన్నా మందను లెక్కబెడతారా?"

"సాయంత్రం అడిగేదా?"

"సాయంత్రానికి కూడా ఉంటాయిలే, పో."

ఆమే లెక్కపెట్టి రాసుకోవచ్చు. డిగ్రీలో గణాంకశాస్త్రం చదివింది, మంచి మార్కులే వచ్చాయి. కానీ తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి దొంగచాటుగా వేళ్లు మడిచి మందను లెక్కపెట్టింది. మర్నాటికి ఒక పిల్ల చచ్చిపోయింది. ఆ పిల్లకు అంతకు రెండు రోజుల ముందు నుంచే కడుపుబ్బరం ఉందని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆనాటి నుంచి దొడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆమె డిగ్రీ గడె బయటే ఆగిపోతుంది.

ముప్ఫై ఒక్క ఇళ్లలోనూ "ఉండాయి" అనే చెప్పారు. ఉండాయి అన్నది పట్టే గడి ఫారంలో లేదు. చెప్పనిది రాయడం అబద్ధం అవుతుందని, ఆమె ముప్ఫై ఒక్క గడుల్లోనూ స్కేలు పెట్టి, నిటారుగా, ఒక్కొక్క గీత గీసింది. పట్నంలో కంప్యూటరుకు గీతలు తెలియవు. సున్నాలు తెలుసు.

నెల తర్వాత పాలకేంద్రంలో గ్రామసభ పెట్టారు. సదాశివమూర్తి లేచి నివేదిక విప్పాడు.

"మిత్రులారా, శాస్త్రీయ అధ్యయనం రెండు విషయాలను నిర్ధారించింది. ఒకటి, నక్కబండ బీడు వందల ఏళ్లుగా మేయబడుతున్నందుననే పచ్చికగా నిలిచి ఉన్నది. మేత ఆగిన పక్షంలో గడ్డి ఎండి ముదిరి, ముళ్లకంప కమ్ముకుని, నేల మీద గూడు కట్టు పక్షులు అంతరించగలవు. రెండు, ఈ గ్రామంలో గొర్రెలు శూన్యం. కావున మేత అనే ప్రక్రియ తీవ్ర ప్రమాదంలో ఉన్నది."

అదే సమయానికి బయట దారిలో నాలుగు మందలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. అరుపులకు రేకుల కప్పు అదిరింది. సదాశివమూర్తి చేత్తో సైగ చేసి కిటికీ మూయించాడు. చప్పుడు తగ్గేదాకా ఓపికగా ఆగి, "శూన్యం" అని మళ్లీ అన్నాడు.

బీరలింగప్ప లేచాడు. "సార్, మాకు గొర్రెలు ఉండాయి. ఇప్పుడు అరిసినవి అవే."

"సంతోషం. ఎన్ని?"

"ఉండాయి సార్."

"సంఖ్య చెప్పండి."

బీరలింగప్ప చుట్టూ చూశాడు. మిగతా ముప్ఫై ఇళ్లవాళ్లూ తమ తమ కాళ్ల వేళ్లు చూసుకుంటున్నారు. "బాగానే ఉండాయి సార్" అన్నాడు.

"చూడండి బీరలింగప్ప గారూ, ఉండటం సమాచారం కాదు. సంఖ్య సమాచారం. సంఖ్య లేని జంతువు గుర్తింపు లేని జంతువు. గుర్తింపు లేని జంతువును పరిరక్షిత మైదానంలోకి విడిచిపెడితే రేపు పైస్థాయిలో మండలి ఏమని జవాబు చెప్పుకుంటుంది?"

సిద్ధలక్ష్మి లేచి నిలబడింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి సభలో నోరు తెరిచింది. "సార్, నేను పెట్టింది గీత సార్. సున్నా కాదు."

"గీతలు చాలా చక్కగా ఉన్నాయమ్మా" అని ఆయన మనసారా మెచ్చుకున్నాడు. "కానీ ఆమోదం పొందింది సున్నా."

తర్వాత భాగస్వామ్య ఒప్పందం. బీటిని ఐదేళ్లు మండలి, గ్రామం కలిసి నిర్వహించాలి. పన్నెండు పేజీలూ సిద్ధలక్ష్మినే చదివి వినిపించమన్నారు. ఆమె గొంతు స్పష్టంగా ఉంటుంది. ఎక్కడా తడబడకుండా చదివింది. తొమ్మిదో పేజీలో కంచె ఉంది, గుర్తింపు లేని జంతువుల నిషేధం ఉంది. దాన్ని కూడా మిగతా పేజీలంత తియ్యగానే చదివేసింది. "మన సిద్ది చదివింది గదా, ఇంకేం అనుమానం?" అనుకుంటూ ఊరంతా వేలిముద్రలు వేసింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు అన్నం దిగదు.

కంచె పది రోజుల్లో లేచింది. గొర్రెలు దొడ్లలో ఉండిపోయాయి. సిద్ధలక్ష్మిని ఆఫీసుకు పిలిచి, మైదానంలో గొర్రె నిర్వర్తించు విధుల గురించి ఒక నోటు రాయమన్నారు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసింది. గొర్రె గడ్డిని వేరుతో పీకదు, నాలుగు వేళ్ల ఎత్తున కొరుకుతుంది. ఒకేచోట నిలవదు, బారులు తీరి మేస్తూ కదులుతుంది. గిట్టలతో గట్టినేలను గుల్ల చేస్తుంది. ఉన్నికి గింజలు అంటించుకుని ఇంకోచోట రాలుస్తుంది. పెంటికలు వేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు గుండ్రంగా చేరి, ఒకదాని పొట్టకింద ఒకటి తలదూర్చి నిలబడుతుంది. ఇన్ని పనులు చేసే జీవాన్ని ఇక ఎవరు ఆపుతారు అనుకుంది.

ఎవరూ ఆపలేదు. ఆమె రాసిన ఒక్కొక్క వాక్యానికీ ఒక్కొక్క ఉద్యోగం మంజూరైంది.

ఊరి నుంచి ఇరవై మందిని మేత భాగస్వాములుగా తీసుకున్నారు. కొడవళ్లు ఇచ్చారు. నాలుగు వేళ్ల ఎత్తున కొయ్యాలి, వేరు కదిలితే మెమో. కోస్తూ బారులుగా కదలాలి. గుల్ల చేయడానికి ఉదయం ఒక గంట కాళ్లతో తొక్కాలి. గింజల వ్యాప్తికి ప్రతి ఒక్కరూ విధిగా నల్ల కంబళి కప్పుకోవాలి. అది మార్చి నెల. ఎండకు బండలు చిట్లుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా గుండ్రంగా నిలబడి తలలు వంచుకోవాలి.

మందకు ముందు నడిచే పొట్టేలు ఒకటి ఉంటుందని కూడా ఆమె రాసి ఉంది. ఆ పోస్టు బీరలింగప్పకు వచ్చింది.

"ఏం బావా, పొట్టేలు ఉద్యోగమంట గదా. కొమ్ములు ఇంటికాడ పెట్టొచ్చినావా?" అని హనుమక్క కొడవలి ఝళిపిస్తూ అడిగింది. ఆమె మూడో వరసలో గొర్రె.

"నోరు మూసుకుని మెయ్" అన్నాడు బీరలింగప్ప.

"తల వంచమన్నారు సరే, ఎవరి పొట్టకింద దూర్చాలనో సరిగ్గా రాసిందా నీ కూతురు? ఈ తిప్పన్న వచ్చి నా పక్కనే నిలబడతాడు."

మంద మొత్తం నవ్వింది. పర్యవేక్షకుడు విజిల్ వేసి, గొర్రెలు నవ్వవని గుర్తు చేశాడు.

ఇంటి దగ్గర అసలు గొర్రెలు బుడ్డల కట్టె నములుతున్నాయి. వేరుశనగ పీకిన తర్వాత దాచుకున్న ఆ ఎండుమేత ఒకటిన్నర నెలకు వామి సగానికి వచ్చింది. బీరలింగప్ప పగలంతా గొర్రెలాగా గడ్డి కోసి, వచ్చిన కూలితో సాయంత్రం పక్క ఊరినుంచి కట్టె కొనుక్కుని వచ్చి గొర్రెలకు వేసేవాడు. తను కోసిన గడ్డిలో పిడికెడు తెచ్చుకుందామంటే కుదరదు. అది పరిరక్షిత గడ్డి. కుప్పలుగా అక్కడే ఉండాలి. ఏప్రిల్‌కు ఇంటి వామితో పాటు పక్క ఊళ్లో కూడా కట్టె అయిపోయింది. గొర్రెల పక్కటెముకలు తేలాయి. సంత వ్యాపారి ఒకడు వచ్చి దొడ్డిలోకి తొంగిచూసి, ఆదివారం బండి తెస్తానన్నాడు. బీరలింగప్ప కాదనలేదు, అవుననలేదు.

సిద్ధలక్ష్మి రికార్డు సవరణకు అర్జీ పెట్టింది. అదే వారంలో మండలి తనిఖీ కూడా జరిగింది. తనిఖీ సంతృప్తికరంగా లేదు.

"మంద కదలడం లేదు" అన్నాడు సదాశివమూర్తి, ఆఫీసులో ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని. "ఒకేచోట కూర్చుని వక్కాకు నములుతున్నది. ఒక గొర్రె నాతో తన అల్లుడి గురించి మాట్లాడింది. దీనికి కారణం ఏమిటో తెలుసా? భయం లేకపోవడం. సహజ మైదానంలో భయం ఒక పర్యావరణ సేవ. ఆ సేవను అందించు తోడేలు ఎక్కడ?"

"గొర్రెలు రాకపోయేసరికి పోయింది సార్."

"అయితే తోడేలు ఖాళీ ఏర్పడినట్టే కదా. ఒక నోటు రాయమ్మా."

ఈసారి రాస్తే ఏమవుతుందో సిద్ధలక్ష్మికి తెలుసు. అయినా చూసింది చూసినట్టు రాయడం తప్ప ఆమెకు ఇంకో రాత రాదు. ఒక్క పేజీ రాసింది.

సంత వ్యాపారి బండి రావడానికి ముందు రోజు, శనివారం, సదాశివమూర్తి స్వయంగా బీరలింగప్ప ఇంటికి వచ్చాడు. నులకమంచం మీద దుప్పటి పరిచారు. సిద్ధలక్ష్మి తల్లి ఎర్రక్క మజ్జిగ ఇచ్చింది. ఆయన సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. మొదటిది సవరణ ఫారం.

"మండలి కరుణించింది. యజమాని సంఖ్యను నా సమక్షంలో ప్రకటించిన యెడల సున్నాను సవరించవచ్చు. బీరలింగప్ప గారూ, ఎన్ని?"

ఇంటి వెనక దొడ్డిలో గొర్రెలు అరవడం కూడా మానేసి రెండు రోజులైంది. బీరలింగప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. దొడ్డివైపు చూశాడు. చెప్పాలనే ఉంది ఆయనకు. చెప్పడానికి ఆయన దగ్గర ముఖాలున్నాయి, సంఖ్య లేదు.

"చెప్పయ్యా" అంది ఎర్రక్క, ఏడుపు గొంతుతో. "దేవునికి నేను దండం పెట్టుకుంటాలే, చెప్పు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నలభై ఏడు" అంది సిద్ధలక్ష్మి.

ఆమె ఎప్పుడూ వేలు మడవలేదు. రోజూ దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ ఉంటే సంఖ్య దానంతట అదే వచ్చి లోపల కూర్చుంది. ఎర్రక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బీరలింగప్ప కూతురివైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. సాయంత్రం మంద లోపలికి పోయాక, రానిదాని కోసం దారివైపు చూస్తాడే, ఆ చూపు.

"కుటుంబ సభ్యుల వాంగ్మూలం చెల్లుతుంది" అని సదాశివమూర్తి నలభై ఏడు వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు. "అభినందనలు. నేటి నుంచి మీకు గొర్రెలు ఉన్నవి."

"అయితే ఇప్పుడే బీటికి తోలుకునేదా సార్?" అంది ఎర్రక్క.

"అదెలా కుదురుతుందమ్మా? మేత పోస్టులు ఇరవై. ఇరవై మందీ విధుల్లో ఉన్నారు. గొర్రెలను నిరీక్షణ జాబితాలో చేర్చాము. ఎవరైనా భాగస్వామి పదవీ విరమణ చేసినచో, సీనియారిటీ ప్రకారం ఒక్కొక్క గొర్రె పరిశీలించబడును."

"అంతదాకా అవి బతికుంటాయా?"

"ఆ గడి ఈ ఫారంలో లేదమ్మా."

సిద్ధలక్ష్మి నేల చూసింది. పద్నాలుగేళ్లుగా దాచుకున్న భయాన్ని ఒక్క మాటతో బయటపెట్టి ఆమె సంపాదించింది నిరీక్షణ జాబితాలో చోటు. నవ్వు వచ్చింది. నవ్వితే ఏడుపులోకి తిరుగుతుందని ఆపుకుంది.

"ఇక శుభవార్త" అన్నాడు ఆయన, రెండో కాగితం విప్పుతూ. దాంతోపాటు పసుపు తాడుకు వేలాడుతున్న గుర్తింపు కార్డు తీసి మంచం మీద పెట్టాడు. కార్డు మీద బీరలింగప్ప ఫొటో ఉంది. ఫొటో కింద, తోడేలు, తాత్కాలికం, అని ఉంది. "మీకు పదోన్నతి. పొట్టేలు నుంచి తోడేలు. నేరుగా మూడు మెట్లు ఎక్కారు. జిల్లాలో ఇంతవరకు ఎవరికీ రాలేదు."

బీరలింగప్ప దాన్ని ముట్టుకోలేదు. యాభై ఏళ్లుగా తోడేలు వాసన కోసం గాలి పీల్చుకుంటూ తిరిగిన మనిషి. దుడ్డుకర్ర తలకింద పెట్టుకుని బీట్లో పడుకున్న మనిషి.

"విధులు చదివి వినిపించమ్మా. ఆయన సమ్మతి కావాలి."

సిద్ధలక్ష్మి కాగితం అందుకుంది. తను రాసిన నోటే అది, ఆఫీసు భాషలోకి మారి వచ్చింది. ఎప్పటిలాగే స్పష్టంగా చదవసాగింది. తోడేలు ఏ వేళనైనను, ఏ దిక్కు నుండైనను మైదానంలో ప్రవేశించును. కంచె, గేటు తోడేలుకు వర్తించవు. తోడేలు పనివేళల రిజిస్టరులో సంతకం చేయనవసరం లేదు. తోడేలును ఏ సిబ్బందియు ప్రశ్నించరాదు.

ఐదో అంశం దగ్గర ఆమె గొంతు ఆగింది. ఇన్నాళ్లలో ఏ కాగితం చదువుతున్నప్పుడూ ఆగని గొంతు. ఊపిరి తీసుకుని చదివింది.

"మందను తోలుట తోడేలు యొక్క సహజ స్వభావము. తోడేలు మందను ఎటు తోలిననూ, ఎంతవరకు తోలిననూ, ఎవరును అడ్డగించరాదు."

సదాశివమూర్తి తల పంకించాడు. "చక్కటి భాష."

"ఏ మంద అని రాయలేదు సార్" అంది సిద్ధలక్ష్మి మెల్లగా.

"ఏ మందైనా మందే కదమ్మా. ఆమోదం అయిపోయింది. ఇక మార్చడానికి వీల్లేదు."

ఆమె కాగితం దించలేదు. సభలో తొమ్మిదో పేజీ చదివినప్పటిలా కాదు. ఒక్కొక్క మాటా విడదీసి, నాయనవైపు చూస్తూ, ఆ ఐదో అంశాన్ని మళ్లీ చదివింది. ఎటు తోలిననూ. ఎంతవరకు తోలిననూ.

బీరలింగప్ప గోడ వదిలి ముందుకు వంగాడు. కూతురి ముఖం చూశాడు. కాగితం చూశాడు, అందులో ఒక్క అక్షరం తెలియకపోయినా. తర్వాత చెయ్యి చాపి, సదాశివమూర్తి అందించిన స్టాంపుప్యాడులో బొటనవేలు ముంచి, చూపిన చోట గట్టిగా నొక్కాడు.

"అంటే సమ్మతమేనా?" అన్నాడు సదాశివమూర్తి. "నోటితో చెబితే బాగుంటుంది."

బీరలింగప్ప మంచం మీది కార్డు తీసి మెడలో వేసుకున్నాడు. తలపాగా సర్దుకున్నాడు. వెనక వాకిలి దాటి దొడ్డి దగ్గరికి నడిచి గడె పక్కకు లాగాడు. గొర్రెలు మొదట నమ్మలేదు. తర్వాత ఒకటి అడుగు వేసింది. ఒక్కొక్కటే తల వంచుకుని బయటికి వస్తుంటే, ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క ముఖమే చూశాడు.

"ఎక్కడికి ఇప్పుడు? విధుల్లో చేరిక సోమవారం నుంచి కదా!" అని మంచం మీది నుంచి సదాశివమూర్తి కేక వేశాడు.

చివరిది కుంటిది. అది కూడా దారిలోకి ఎక్కాక, ఎవరివైపూ చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, దాని వెనకాలే తోడేలు ఇల్లు వదిలి నక్కబండ వైపు వెళ్లిపోయింది.